ప్రత్యక్ష క్రీడావ్యాఖ్యానంలో తెలుగు వాక్యం: కాలం, క్రియ, ఫలితం

ప్రవేశిక

సాహిత్య సంప్రదాయంలో వ్యాఖ్యానం అంటే ముగిసిన గ్రంథానికి చేసే వివరణ. కోలాచల మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రాసినప్పుడు చివరి శ్లోకం వరకూ పాఠమంతా ఆయన ముందే ఉంది. మొదటి పదానికి అర్థం చెబుతున్నప్పుడే చివరి పదం ఏమిటో ఆయనకు తెలుసు. క్రికెట్, కబడ్డీ వంటి ఆటల ప్రత్యక్ష ప్రసారంలో వినిపించే మాటకూ ఇదే పేరు స్థిరపడింది. కాని క్రీడావ్యాఖ్యాత ముందు పూర్తయిన పాఠం లేదు. అతడు చెబుతున్నది ఇంకా జరుగుతూనే ఉంటుంది. ముగింపు విషయంలో అతనికి తెలిసినది శ్రోతకు తెలిసినదానికంటే ఎక్కువేమీ కాదు. ప్రత్యక్ష వ్యాఖ్యానాన్ని ఇతర కథనరూపాల నుండి వేరుచేసే ప్రధాన లక్షణం ఈ తెలియనితనమే. తెలుగు వాక్యం దానిని ఎలా మోస్తుందో, ఎక్కడ జారవిడుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సంజయుడు తొలి ప్రత్యక్ష వ్యాఖ్యాత అనే మాట తరచుగా వినిపిస్తుంది. కథాక్రమాన్ని గమనిస్తే ఈ పోలిక నిలవదు. వ్యాసభారతంలోని భీష్మపర్వంలో సంజయుడు యుద్ధభూమి నుండి వచ్చి, భీష్ముడు పడిపోయాడన్న వార్తను ధృతరాష్ట్రునికి ముందుగా చెబుతాడు. పది రోజుల యుద్ధకథనం ఆ తరువాతనే మొదలవుతుంది. ద్రోణ, కర్ణ పర్వాలలోనూ సేనాపతి మరణవార్త ముందు, అది జరిగిన తీరు తరువాత. అంటే ఇక్కడ శ్రోతను నడిపించేది ‘ఏమవుతుంది’ అన్న ప్రశ్న కాదు, ‘ఎలా జరిగింది’ అన్న ప్రశ్న. ఫలితాన్ని శీర్షికలో చెప్పి, ఆటను దాని కింద వివరించే మరునాటి పత్రికా విలేకరికి సంజయుడు దగ్గరివాడు. దివ్యదృష్టి ఉన్నా, చెప్పే వేళకు యుద్ధఫలితం అతనికి తెలిసిపోయింది.

వర్తమానానికి దొరికే క్రియారూపాలు

ఇంగ్లీషు వ్యాఖ్యాత క్షణక్షణపు చర్యను చెప్పడానికి ఆ భాషలోని సామాన్య వర్తమాన రూపాన్ని విరివిగా వాడతాడు. తెలుగులో దానికి సరిసమానమైన రూపం లేదు. సంప్రదాయ వ్యాకరణం భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు తద్ధర్మాన్ని గుర్తించింది. నేటి వ్యవహారంలో ‘వేస్తాడు’ వంటి రూపం భవిష్యత్తుకూ తద్ధర్మానికీ ఉమ్మడిగా నిలిచింది. కావ్యకథను చెప్పే విమర్శకుడు ‘సంజయుడు వస్తాడు’ అనగలడు. ఆ రాక ప్రతి పఠనంలోనూ అలాగే జరుగుతుంది కనుక అక్కడ తద్ధర్మం సహజం. మైదానంలో పరుగెత్తుకొస్తున్న బౌలర్ గురించి ‘బంతి వేస్తాడు’ అంటే అది జోస్యమో అలవాటో అవుతుంది తప్ప ఆ క్షణపు చర్య కాదు.

అందువల్ల తెలుగు వ్యాఖ్యాతకు మిగిలేవి రెండు రూపాలు: జరుగుతున్నదానికి ‘వస్తున్నాడు’, జరిగిపోయినదానికి ‘వేశాడు’. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీలోనే ఉత్కంఠ ఉంటుంది. ‘పరుగెత్తుకొస్తున్నాడు... వేశాడు... బంతి గాలిలో...’ అన్న వరుసలో మూడో ముక్కకు క్రియ లేకపోవడం లోపం కాదు. ఆ బంతికి ఇంకా ఫలితం లేదు. క్రియారహిత వాక్యాన్ని సహజంగా అనుమతించే తెలుగుకు ఇది వరం.

అసమాపక క్రియల చిక్కు

తెలుగు గద్యానికి సొగసునిచ్చే క్త్వార్థకాల గొలుసు ప్రత్యక్ష వ్యాఖ్యానంలో చిక్కు తెచ్చిపెడుతుంది. ‘ముందుకు వచ్చి’ అని మొదలుపెట్టిన వక్త సాధారణంగా అదే కర్తతో ఒక సమాపక క్రియను అందిస్తానని మాట ఇచ్చినట్టే. కబడ్డీలో కూతకు వెళ్ళిన ఆటగాడికి ఉండేది 30 సెకన్లు. ఆ వ్యవధిలో చర్య అతని చేతి నుండి ప్రత్యర్థి చేతికి ఎప్పుడైనా మారవచ్చు. ‘బోనస్ గీత దాటి, మూలకు జరిగి’ అంటూ ఉండగానే ఎదుటివాడు కాలు పట్టుకుంటే వాక్యం మధ్యలో తెగిపోతుంది. అనుభవం గల వ్యాఖ్యాతకు ఇటువంటి చోట పొట్టి సమాపక క్రియలే ఆధారం: ‘గీత దాటాడు. మూలకు జరిగాడు. పట్టేశారు!’

2007 సెప్టెంబరు 24న జొహానెస్‌బర్గ్‌లో జరిగిన తొలి టీ20 ప్రపంచకప్పు ఫైనల్ చివరి ఘట్టాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. పాకిస్తాన్ గెలుపుకు 4 బంతుల్లో 6 పరుగులు కావాలి. జోగిందర్ శర్మ బంతిని మిస్బా ఉల్ హక్ వెనుకవైపునకు ఎత్తాడు, షార్ట్ ఫైన్ లెగ్‌లో శ్రీశాంత్ పట్టాడు, భారత్ 5 పరుగులతో గెలిచింది. మరునాటి వార్తలో దీనిని ‘మిస్బా ఎత్తి కొట్టగా శ్రీశాంత్ పట్టాడు’ అని ఒక్క వాక్యంలో రాయవచ్చు. ఆ ‘కొట్టగా’లోనే తరువాతి సంగతి తెలుసునన్న నిశ్చింత ఉంది. బంతి గాలిలో ఉన్న క్షణంలో ‘కొట్టగా’ అనడం సాధ్యం కాదు. ‘కొట్టాడు’ అని ఆగవలసిందే. ఆ తరువాత ‘శ్రీశాంత్’ అన్న కర్త, ‘బంతిని’ అన్న కర్మ వచ్చినా, పట్టాడో వదిలేశాడో క్రియ వచ్చేదాకా తెలియదు. క్రియాంత భాష కావడం వల్ల తెలుగు వాక్యం, బంతి ఒకేసారి నేల చేరగలవు. ఫలితం తేలాక మాత్రం క్రమం తిరగబడుతుంది: ‘పట్టాడు శ్రీశాంత్, షార్ట్ ఫైన్ లెగ్‌లో.’ క్రియ ముందుకు వచ్చి, వివరం వెనుక చేరుతుంది. ఈ తలకిందులు వ్యాకరణదోషం కాదు, వార్త తేలిపోయిందనడానికి గుర్తు.

లింగబోధకు సంబంధించిన మరొక చిక్కు మహిళల ఆటలో ఎదురవుతుంది. పురుషుల ఆటలో ‘వెళ్ళాడు’ అంటే ఆటగాడు, ‘వెళ్ళింది’ అంటే బంతి. కర్తను చెప్పకపోయినా అర్థం చెడదు. స్త్రీవాచకం ఏకవచనంలో అమహత్తుతో కలిసిపోవడం వల్ల మహిళల ఆటలో ఈ సౌకర్యం పోతుంది. ‘బౌండరీ వైపు వెళ్ళింది’ అంటే ఫీల్డరా, బంతా? గౌరవార్థంలో ‘వెళ్ళారు’ అంటే బంతితో గందరగోళం తప్పుతుంది కాని, ఒకరో ఇద్దరో తెలియదు. కడప జిల్లాకు చెందిన శ్రీచరణి ఆడిన భారత జట్టు 2025లో ప్రపంచకప్పు గెలిచిన తరువాత తెలుగు శ్రోతకు మహిళల క్రికెట్ దూరపు విషయం కాదు. ఆ ఆటకు తగిన వాక్యపద్ధతిని, అంటే పేరును వదలకుండానే వేగాన్ని నిలుపుకునే తీరును, వ్యాఖ్యాతలు రూపొందించుకోవలసి ఉంది.

బండలాగుడు పోటీల మైకు

తెలుగులో ప్రత్యక్ష వ్యాఖ్యానం టెలివిజన్‌తో పుట్టినది కాదు. సంక్రాంతికీ తిరునాళ్లకూ జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలలో మైకు పట్టిన వ్యక్తి చేసే పని అదే. జత యజమాని పేరు, ఊరు, లాగిన అడుగులు, గడిచిన నిమిషాలు, అంతవరకు ముందంజలో ఉన్న జతతో తేడా ఆ కథనానికి ముడిసరుకు. ముందు లాగిన జత దూరం స్థిరమైన అంకె. ఇప్పుడు లాగుతున్న జతది పెరుగుతున్న అంకె. ఈ రెంటి మధ్య తగ్గుతున్న తేడాను చెప్పడంలోనే ఉత్కంఠ పుడుతుంది. విశేషణాల అవసరం పెద్దగా ఉండదు. జనం వెనుక నిలబడి ఎడ్లను చూడలేనివారికి కూడా పోటీ అందుతుంది. ‘రౌండు’, ‘సెకను’ వంటి ఇంగ్లీషు మాటలు అక్కడా ధారాళంగా వినిపిస్తాయి. కనుక ప్రత్యక్ష వ్యాఖ్యాన నాణ్యతను అరువుపదాల లెక్కతో నిర్ణయించడం సరికాదు.

టెలివిజన్‌లో సిద్ధవాక్యం

2018లో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానెల్ మొదలైన తరువాత క్రికెట్, కబడ్డీ ప్రసారాలలో తెలుగు వ్యాఖ్యానం క్రమబద్ధమైంది. తెర మీద దృశ్యం ఉన్నప్పుడు వర్ణన భారం తగ్గుతుంది. ఆ ఖాళీని తరచుగా ప్రాసలు, సినిమా సంభాషణలు నింపుతున్నాయి. ఇవి తెలుగుదనాన్ని తెస్తున్నాయని ఒక వాదం. ఇంట్లో అందరినీ ఆట ముందు కూర్చోబెట్టిన ఘనత వాటికి ఉందనడంలో అసత్యం లేదు. అయితే సినిమా సంభాషణ ముందే సిద్ధమైన వాక్యం. ఏ సిక్సర్‌కైనా సరిపోతుంది కనుక ఈ సిక్సర్ గురించి ఏమీ చెప్పదు. ‘కొట్టగా’ అన్న రూపంలో ఉన్న నిశ్చింతే దానిలోనూ ఉంది. బంతికీ బంతికీ మధ్య విరామం ఉండే క్రికెట్‌లో దానికి చోటు లేకపోలేదు. బంతి ఆటలో ఉన్న కొద్ది సెకన్లలో మాత్రం అది తెలియనితనాన్ని హరిస్తుంది. తెర చూడలేని అంధశ్రోతకు ఆ సెకన్లలో ఆటే అందకుండా పోతుంది.

ముగింపు

ప్రత్యక్ష వ్యాఖ్యానాన్ని అంచనా వేయడానికి పదజాలం కంటే వాక్యం నమ్మదగిన కొలమానం. ఫలితం తేలకముందు మాట అసంపూర్ణంగా ఉండగలిగిందా, తేలిన వెంటనే క్రియ పలికిందా, ఎవరు ఏమి చేశారో చూడనివారికి తెలిసిందా అన్న మూడు ప్రశ్నలు ఇందుకు చాలు. కాలబోధ, పదక్రమం, లింగబోధ వంటి అంశాలను రాతప్రతుల ఆధారంగానే వివరించే పద్ధతికి ఈ మౌఖిక రూపం కొత్త సామగ్రిని ఇస్తుంది. టెలివిజన్ ప్రసారాలకు నకలు మిగిలే అవకాశం ఉంది. బండలాగుడు మైకు మాట పోటీతోపాటే గాలిలో కలిసిపోతుంది. జానపద గేయాలను, కథాగానాలను సేకరించిన శ్రద్ధతోనే ఈ వ్యాఖ్యానాలనూ, వాటిని పలికేవారు ఉండగానే, ధ్వనిముద్రణ చేసి పాఠాలుగా రాసిపెట్టడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని.