ఆఫ్‌బౌ అనే పెద్దమనిషి

ఇంటర్ మొదటి సంవత్సరం అయిపోయేదాకా ఆఫ్‌బౌ ఒక శాస్త్రవేత్త అనుకున్నాను. అనుకోక ఏం చేస్తాను? పౌలీ నియమం, హుండ్ నియమం, వాటి పక్కనే ఆఫ్‌బౌ నియమం. మొదటి ఇద్దరూ మనుషులే. మూడోది మాత్రం ఒక జర్మన్ మాట అనీ, దానర్థం కింది నుంచి కట్టుకుంటూ పోవడం అనీ ఎట్లా తోస్తుంది? ఉరవకొండలో మా క్లాసులో ఆ మాట దగ్గర ఎవరూ ఆగలేదు. నేనూ ఆగలేదు. పరీక్షలో మాత్రం ఆ నియమం రాసి మార్కులు తెచ్చుకున్నాను.

ఈమధ్య ఊరికెళ్ళినప్పుడు అటక మీద ఆ పుస్తకం దొరికింది. 2012 సిలబస్ ప్రకారం తెలుగు అకాడమీ వేసిన రసాయనశాస్త్రం, తెలుగు మీడియం. ఈసారి పరీక్ష లేదు కాబట్టి పుస్తకాన్ని పుస్తకంలాగే చదివాను. మనం నవలల మీద రాస్తాం, కవిత్వం మీద కొట్లాడుకుంటాం. కానీ పదహారేళ్ళ పిల్లలు పేజీకి పేజీ బట్టీపట్టిన తెలుగు వచనం ఇది. దీని మీద ఒక్క సమీక్షయినా ఉండొద్దా?

మొదట మాటల సంగతి. ఈ పుస్తకంలో పరమాణువు అంటే ఆటమ్, అణువు అంటే మాలిక్యూల్. పేపర్ తెరిస్తే అణుబాంబు, అణువిద్యుత్. అక్కడ అణువు ఆటమే. వేమూరి వేంకటేశ్వరరావు గారు తన రచనల్లో ఆటమ్‌ను అణువు అని, మాలిక్యూల్‌ను బణువు అని రాశారు. ఏది మంచిదన్నది వేరే చర్చ. నా ఫిర్యాదు ఒక్కటే. బయట ఈ మాటకు ఇంకో అర్థం ఉందని పాఠం హెచ్చరించదు. విద్యార్థికి ఇంట్లో ఒక తెలుగు, పేపర్లో ఒక తెలుగు, పాఠంలో మూడో తెలుగు. మూడింటి మధ్య దారి మాత్రం వాడే వేసుకోవాలి.

ఇంతకంటే పెద్ద చిక్కు కక్ష్య దగ్గర వస్తుంది. 1913లో బోర్ చెప్పిన ఆర్బిట్‌కు కక్ష్య అన్నారు. మంచి మాట. గ్రహాలు తిరుగుతాయని చిన్నప్పటి నుంచీ విన్నాం, బొమ్మ వెంటనే కళ్ళముందుకొస్తుంది. కొన్ని పేజీల తర్వాత 1926 నాటి ష్రోడింగర్ సమీకరణం వస్తుంది. ఇక దారీ లేదు, తిరగడమూ లేదు, ఎలక్ట్రాన్ కనిపించే సంభావ్యత ఎక్కువగా ఉన్న చోటు ఉంది, దాని పేరు ఆర్బిటాల్. ఇంగ్లీషులో ఆర్బిటాల్ అన్న మాటను 1932లో మల్లికెన్ పెట్టింది ఆర్బిట్‌ను గుర్తుచేస్తూనే. తెలుగులోకి వచ్చేసరికి ఒకటి సంస్కృతం, ఇంకొకటి ఇంగ్లీషు. చుట్టరికం తెగిపోయింది. నిజానికి అది మనకు కలిసిరావాల్సింది. పేరే వేరు కాబట్టి, ఇది పాత బొమ్మ కాదు అని గట్టిగా చెప్పే వీలుంది. పాఠం ఆ వీలును వాడుకోదు. ఇంతసేపూ నేను చెప్పిన బొమ్మ తప్పు, కానీ దాన్ని దాటకుండా ఇక్కడికి రాలేం అని ఒక్క మాట అనదు. కథకుడు తన మాట తానే మార్చుకుంటే ఆ సంగతి పాఠకుడికి తెలియాలి కదా. మేము రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని, రెండిటికీ చెరో నాలుగు మార్కులు అనుకున్నాం.

ఇక లెక్కలు. మొదటి పాఠం పరమాణు నిర్మాణం. మోల్ లెక్కలుండే స్టాయికియోమెట్రీ ఐదో పాఠం. రెండూ ఒకే పదార్థం గురించి మాట్లాడుతున్నాయని నాకు డిగ్రీలో గానీ వెలగలేదు. అప్పుడు కూడా పుస్తకం వల్ల కాదు, మా ఊరి నీళ్ళ వల్ల.

అనంతపురం జిల్లా భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ గురించి మీరు వినే ఉంటారు. ఫ్లోరిన్‌లో 9 ఎలక్ట్రాన్లు. 1ఎస్‌లో 2, 2ఎస్‌లో 2, 2పీలో 5. ఇంకొక్కటి వస్తే నిండుతుంది, అందుకే అంత ఆత్రంగా లాక్కుని ఫ్లోరైడ్ అయాన్ అవుతుంది. ఆ అయాన్ సైజూ ఆవేశమూ హైడ్రాక్సైడ్ అయాన్‌కు దగ్గరగా ఉంటాయి. కాబట్టి పళ్ళలో, ఎముకల్లో దాని చోట్లో దూరి కూర్చోగలదు. మొదటి పాఠంలో మేము అర్థంకాకుండా రాసిన 2, 2, 5కూ, పళ్ళ మీది గోధుమరంగు చారలకూ మధ్య దూరం ఇంతే.

లెక్క కూడా అక్కడే ఉంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ఫ్లోరిన్ పరమాణు భారం 19తో భాగిస్తే 0.079 మిల్లీమోల్. అవగాడ్రో సంఖ్యతో గుణిస్తే లీటరుకు సుమారు 4 లక్షల 75 వేల కోట్ల కోట్ల అయాన్లు. కానీ అసలు ప్రశ్న ఆ తర్వాతది. హద్దు గాఢతకు పెట్టారు, ఒంట్లోకి పోయేది మాత్రం బరువు. నీడపట్టున రెండు లీటర్లు తాగేవాడికి 3 మిల్లీగ్రాములు. ఎండలో కలుపు తీస్తూ ఐదు లీటర్లు తాగే ఆమెకు అవే నీళ్ళతో 7.5. గాఢతకూ పరిమాణానికీ తేడా చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉందా? అచ్చులో మాకు దొరికింది సోడియం కార్బొనేట్, ప్రయోగశాల ఫ్లాస్కు.

రాష్ట్రమంతటికీ ఒకే పుస్తకం, ప్రతి ఊరి నీళ్ళూ అందులో పెట్టలేరు అనొచ్చు. నిజమే. ప్రవేశపరీక్షలో ఇవి అడగరు అనొచ్చు. అదీ నిజమే. కానీ కరువు మీద మన జిల్లాకు పెన్నేటి పాట నుంచి ఇప్పటి కథల దాకా సాహిత్యం ఉంది. అదే కరువును లెక్కగా చదువుకోవడానికి ఒక్క పేజీ లేదు. ఇప్పుడు డిగ్రీ మొత్తం ఇంగ్లీషు మీడియం అయింది. ఇక ఈ గొడవ తీరిపోయిందనేవాళ్ళున్నారు. ఆఫ్‌బౌను మనిషి అనుకోవడానికి ఏ మీడియమైనా ఒకటే. లోపం తెలుగులో లేదు. మాటకు పని చెప్పకపోవడంలో ఉంది.

ఇంటర్ చదివేటప్పుడు ఒకసారి నాయన జిప్సం బస్తా దించుతూ అడిగినాడు: "కాలేజీలో చదువుతాండావు కదా, దీంట్లో ఏముంటాది రా?" శెనక్కాయకు ఊడలు దిగేటప్పుడు ఎకరాకు 200 కిలోలు వేస్తారు. నాకు ఫార్ములా తెలుసు, శాతం కట్టడం తెలుసు. బస్తా మీదున్నదీ పుస్తకంలో ఉన్నదీ ఒకటేనని తెలీదు. "ఏదో మందు నాయనా" అన్నాను.

ఈసారి వెళ్ళినప్పుడు కాగితం మీద కట్టి చెప్పాను. అణుభారం 172, అందులో కాల్షియం 40, అంటే నూటికి 23 పాళ్ళు, 200 కిలోలకు 46 కిలోల పైన. ఆయన విని, "వాన పడకుంటే అది కరుగుతాదా మరి?" అన్నాడు. లీటరు నీళ్ళలో జిప్సం కరిగేది రెండున్నర గ్రాముల లోపే. 200 కిలోలూ కరగాలంటే 80 వేల లీటర్ల పైనే కావాలి. ఎకరా మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4 వేల లీటర్లు. నేల సంగతి పక్కన పెట్టి చూసినా 20 మిల్లీమీటర్లు పడాలి.

నాయన ఆకాశం వైపు చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఐదో పాఠం చివర అభ్యాసంలో ఉండాల్సిన ప్రశ్న అది.