అర్థం - సన్నివేశం: బ్లూమ్‌ఫీల్డ్‌పై వైస్ ప్రభావం, ‘ఉప్పు’ నిర్వచనం

లియోనార్డ్ బ్లూమ్‌ఫీల్డ్ 1914లో వెలువరించిన తొలి గ్రంథంలో జర్మన్ మనోవిజ్ఞాని వుంట్‌ను అనుసరించాడు. 1921లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరిన తరువాత అక్కడి ఆచార్యుడు ఆల్బర్ట్ పాల్ వైస్ సాహచర్యం ఆయనను ప్రవర్తనావాదం వైపు మళ్లించింది. 1926లో భాషాశాస్త్రానికి ఆయన కూర్చిన ప్రతిపాదనలకు వైస్ పద్ధతే ఒరవడి. 1931లో వైస్ మరణించినప్పుడు ‘లాంగ్వేజ్’ పత్రికలో నివాళి రాసినదీ ఆయనే.

1933 నాటి ‘లాంగ్వేజ్’ గ్రంథంలో ఈ ప్రభావం సిద్ధాంతరూపం దాల్చింది. వక్త మాట పలికిన సన్నివేశమూ, శ్రోతలో అది కలిగించే ప్రతిస్పందనా కలిసి అర్థమవుతాయని బ్లూమ్‌ఫీల్డ్ నిర్వచించాడు. అయితే శాస్త్రజ్ఞానం ఉన్న విషయాల్లోనే అర్థాన్ని కచ్చితంగా చెప్పగలమంటూ ‘ఉప్పు’ను ఉదాహరించాడు. ఆ మాటకు సాధారణార్థం సోడియం క్లోరైడ్ అన్నాడు. ప్రేమ, ద్వేషం వంటి మాటలకు అలాంటి నిర్వచనం సాధ్యం కాదన్నాడు.

ఈ ఉదాహరణను నెల్లూరు తీరంలో నిలిపి చూస్తే దాని పరిమితి తెలుస్తుంది. ఇస్కపల్లి ఉప్పు మడుల్లో పనిచేసేవారికి ఉప్పు ఎండను, వానను, కూలిని బట్టి పలికే మాట. వంటింట్లో అది రుచి. ‘ఉప్పు తిన్న విశ్వాసం’ అన్నప్పుడు అది రుణానుబంధం. 1930లో ఉప్పు సత్యాగ్రహుల నోట అది శాసనధిక్కారం. పదార్థం మారలేదు, మాట మారలేదు. సన్నివేశమూ ప్రతిస్పందనా మారాయి. అంటే బ్లూమ్‌ఫీల్డ్ ఉదాహరణను ఆయన నిర్వచనమే ఖండిస్తున్నది.

ఈ వైరుధ్యానికి ప్రవర్తనావాదాన్నంతటినీ దోషిగా నిలపడం తొందరపాటు. వైస్ ప్రవర్తనలో జీవభౌతిక పార్శ్వాన్నీ, జీవసామాజిక పార్శ్వాన్నీ వేరుచేసి చూపాడు. ఒక చర్య సంఘంలోని ఇతరులపై చూపే ప్రభావాన్ని బట్టి దాని విలువ నిర్ణయమవుతుందన్నది రెండవదాని సారం. ఉప్పు నిర్వచనంలో బ్లూమ్‌ఫీల్డ్ గురువులాంటి సహచరుని మొదటి పార్శ్వాన్నే పట్టుకుని, భాషకు మరింత అవసరమైన రెండవదాన్ని విడిచాడు. స్కిన్నర్ 1957 గ్రంథంపై 1959లో చామ్‌స్కీ చేసిన విమర్శను వైస్‌కు యథాతథంగా అన్వయించలేకపోవడానికి ఇదొక కారణం.

తెలుగులో ఈ చర్చకు ఆచరణాత్మక విలువ ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను వృత్తిలో ఉన్నవారి నుంచే సేకరించింది. దానిని ప్రవర్తనావాద ఫలంగా చెప్పనక్కరలేదు. కానీ పనికీ మాటకూ ఉన్న సంబంధాన్ని అది ప్రమాణంగా స్వీకరించింది. పదకోశంలో వస్తువును గుర్తించడం నిర్వచనానికి ఆరంభం మాత్రమే. ఆ మాటతో ఎవరు ఎవరిచేత ఏం చేయిస్తున్నారో నమోదైనప్పుడే అది పూర్తవుతుంది. వైస్ ప్రభావంలో నేటికీ నిలిచే అంశం ఇదే.