గోడలో దాచిన నీరు

హార్డ్‌డిస్కులను మంట నుంచి కాపాడే డేటా సేఫ్ బయటికి మామూలు ఇనప్పెట్టెలాగే కనిపిస్తుంది. పనితనమంతా గోడలో ఉంది. రెండు ఉక్కు రేకుల మధ్య నింపే మిశ్రమంలో చాలాసార్లు జిప్సం ఉంటుంది. జిప్సం బరువులో ఐదో వంతు నీరే. చేత్తో తాకితే పొడిగానే ఉంటుంది, ఎందుకంటే ఆ నీరు స్ఫటికంలో ఇమిడిపోయి ఉంటుంది. మంట తగిలితే అది ఆవిరై బయటపడుతూ వేడిని మింగేస్తుంది. ఆ నీరు అయిపోయేదాకా లోపలి వేడి అదుపులో ఉంటుంది. ఎంత చక్కటి ఆలోచన!

పొలం పాసుబుక్కును కాపాడే ఆ ఆవిరే హార్డ్‌డిస్క్‌కు మాత్రం చేటు. అమెరికాలోని అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ రాసిన యూఎల్ 72 ప్రమాణం ఈ తేడాను లెక్కకట్టింది. గంట పరీక్షలో కొలిమి వేడి 927 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. కాగితాల పెట్టెలో వేడి 177 డిగ్రీల లోపు ఉంటే చాలు. డిస్కులకు తగిన అత్యంత కఠినమైన తరగతిలో అది 52 దాటకూడదు, తేమ 80 శాతం మించకూడదు. పటాన్‌చెరు పక్కనున్న మా ముత్తంగిలో మే నెల ఎండే 40 దాటుతుంది. అంటే తయారీదారుకు మిగిలే వెసులుబాటు పన్నెండు డిగ్రీలు కూడా కాదు.

అందుకే పెట్టెలో పెట్టె. లోపలిదానికి వేరే వేడినిరోధక పొర, ఆవిరి చొరబడకుండా అంచు చుట్టూ రబ్బరు సీలు. తలుపు అంచులు మెట్లు మెట్లుగా ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. సందులో వేసిన పట్టీ వేడికి ఉబ్బి దారి మూసేస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ పట్టీయే. మంట వచ్చేదాకా దానికి పనే లేదు.

దొంగ సంగతి వేరు. చిన్న పెట్టెనైతే ఎత్తుకునే పోతాడు. కంపెనీ వదిలిన రంధ్రాల్లోంచే నేలకు బోల్టులు బిగించాలి. కొత్త రంధ్రం వేస్తే గోడ రక్షణ దెబ్బతింటుంది. డిస్క్‌ను బిట్‌లాకర్ వంటిదానితో ఎన్‌క్రిప్ట్ చేస్తే, పోయినా లోపలిది దొంగకు అందదు.

ఇంత చేసినా ఒకే చోటు ఒకే చోటే. మా పక్కనే పటాన్‌చెరులో ఉన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు ఈ సంగతి బాగా తెలుసు. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాలను తన జన్యునిధిలో చలిగదుల్లో భద్రపరుస్తూనే, లక్షకు పైగా నమూనాల నకళ్లను నార్వేలోని స్వాల్‌బార్డ్ కొండ గుహకు పంపింది. 2008లో తెరిచిన ఆ గుహలో పెట్టెలు తెరిచే హక్కు పంపిన సంస్థదే. కాపలా ఒకరిది, సొత్తు మరొకరిది.

పెట్టె కొనేముందు తలుపు లోపలి చీటీ చదవండి. అది కాగితాలకా, డిస్కులకా అని తేల్చుకోండి. పండక్కి ఊరెళ్లేటప్పుడు ఎన్‌క్రిప్ట్ చేసిన రెండో డిస్క్ ఒకటి అమ్మానాన్నల బీరువాలో పెట్టి రండి.