చెడే చోటు తెలిసిన వస్తువు

పాత వస్తువుల పొదుపు మాటెత్తితే చాలు, మనవాళ్లు అమ్మమ్మల కాలానికి వెళ్లిపోతారు. చిరిగిన చీరలు బొంతలయ్యేవి, చిల్లుపడ్డ బిందెకు మాటు పడేది, ఇప్పటివాళ్లకు ఆ ఓపికేదీ అని నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పుతో నాకు సగమే ఏకీభావం. ఓపిక తగ్గిందనే అనుకుందాం. మరి అదే ఇంట్లో చెడిన కుక్కర్ రిపేరు కొట్టుకూ, చెడిన ఎల్‌ఈడీ బల్బు చెత్తబుట్టకూ ఎందుకు వెళ్తున్నాయి? మనుషులు వాళ్లే. తేడా వస్తువులోనే ఉంది.

కుక్కర్‌లో వేడికి ముందుగా గట్టిపడేది రబ్బరు గ్యాస్కెట్. లోపల నీళ్లు ఇగిరిపోయి మాడితే సేఫ్టీ వాల్వ్‌లోని లోహం కరిగి ఆవిరిని బయటికి వదిలేస్తుంది. రెండూ చవకే, రెండూ సామాన్ల కొట్లో దొరికేవే, ఇంట్లో మార్చుకోగలిగేవే. మిక్సీ జార్ బిగుసుకుపోతే కప్లర్ తాను విరిగి మోటారును కాపాడుతుంది. కార్బన్ బ్రష్‌లైతే అరగడానికే పుట్టాయి. అంటే తయారుచేసినవాళ్లు వస్తువు ఎక్కడ చెడాలో ముందే నిర్ణయించి, ఆ చోటును మన చేతికి అందేలా ఉంచారు. బల్బు సంగతి తలకిందులు. లోపలి చిన్న దీపాలను సాధారణంగా ఒకే వరుసలో కలుపుతారు గనక ఒక్కటి తెగినా మొత్తం ఆరిపోతుంది. మూత అతికించేశారు కాబట్టి బాగున్నవన్నీ దానితోపాటే పోతాయి. ఎంత పొదుపరి ఇల్లాలైనా అక్కడ చేయగలిగేదేముంది?

భద్రత కోసమే అతికిస్తున్నామంటారు. నీళ్లూ కరెంటూ పక్కపక్కనే ఉండే కెటిల్ విషయంలో అది కొంత నిజం. కానీ వంటింట్లో కుక్కర్‌కు మించిన ప్రమాదకరమైన వస్తువేది? దానికి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేశారు గానీ విప్పకూడదనలేదు. రిపేరు డబ్బుతో కొత్తదే వస్తుందన్నది మరో మాట. ఆ ఖర్చులో చాలాసార్లు విప్పడానికి పట్టే సమయమే ఎక్కువ. విప్పలేకుండా చేసింది మెకానిక్ కాదు. నన్ను నిజంగా ఆలోచింపజేసే అభ్యంతరం కరెంటుది. పాత సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటే కొత్త బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 చాలు. రోజుకు 12 గంటలు తిరిగితే అర యూనిట్ మిగులుతుంది. అలాంటి ఫ్యానుకు మళ్లీ వైండింగ్ చేయించమని నేననను. 750 వాట్ల మిక్సీ మాత్రం రోజూ పది నిమిషాలు తిరిగినా కాల్చేది యూనిట్‌లో ఎనిమిదో వంతు. దాన్ని మార్చి మిగుల్చుకునేది దాదాపు ఏమీ లేదు.

ఫ్రాన్సులో 2021 నుంచి కొన్ని ఎలక్ట్రానిక్ వస్తువులపై రిపేరు సౌలభ్యానికి పదికి ఇన్ని మార్కులని వేయాలి. విడిభాగాల ధర కూడా అందులో లెక్కకొస్తుంది. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది గానీ, కొట్లో కొనేవాడి కంటికి కనబడేది ఇంకా కరెంటు స్టార్ల గుర్తే. మిక్సీ కొనేటప్పుడు ఎన్ని వాట్లు, ఎన్ని జార్లు అని అడుగుతాం. కప్లర్ ఎంత, ఈ ఊళ్లో ఎక్కడ దొరుకుతుంది అని కూడా అడగొచ్చు. జవాబు రాకపోతే పక్కనున్న కంపెనీది చూపించమనొచ్చు.