టైర్ల మీది ఇల్లు, మూడో వైరు

బండికి రబ్బరు టైర్లున్నాయి కాబట్టి షాక్ కొట్టదనే నమ్మకం మా పెద్దమందడి వైపు గట్టిగా నాటుకుపోయింది. ట్రాక్టర్ నడిపేవాళ్ల నుంచి డీసీఎం ఓనర్ల దాకా అందరిదీ ఇదే మాట. లోపల కూర్చున్నంతసేపు అది నిజమే. ప్రమాదమంతా దిగేటప్పుడే. ఒక కాలు తడి నేల మీద ఉంటుంది, ఒక చెయ్యి తలుపు పిడి మీద ఉంటుంది. టైర్లు బండిని నేలకు అంటకుండా పెడతాయి గనుకనే దాని ఇనుము మీదికి వచ్చిన కరెంటుకు దిగే దారి ఉండదు. దిగే మనిషే దానికి దారి అవుతాడు.

ఈ ప్రమాదం ముఖ్యంగా బయటి నుంచి కరెంటు తీసుకునే బండ్లది, అంటే వండుకుని తిని పడుకునే బండ్లది. అవి మన దగ్గర ఎక్కడున్నాయని అడగొచ్చు. సినిమావాళ్ల క్యారవాన్‌లు అందరికీ తెలిసినవే. అమెరికాలో ఉండే మనవాళ్లు సెలవులకు అద్దెకు తీసుకునే ఆర్‌వీలు ఫోన్లలో చూస్తూనే ఉన్నాం. అంత దూరం కూడా పోనక్కరలేదు. దీపావళి దాటగానే కురుమూర్తి జాతరకు వచ్చే దుకాణాల వ్యాన్లు, వరి కోతలకు మిషన్ల వెంట వచ్చి వారాల తరబడి ఊళ్లోనే మకాం వేసే డ్రైవర్ల బండ్లు, కొత్తకోట మీదుగా 44వ నంబరు హైవే ఎక్కి తిరుపతి పోతూ నడిమధ్య చుట్టాలింట్లో ఆగే టెంపోలు కూడా అలాంటివే. లోపల ఫ్యాన్, ఫ్రిజ్, కూలర్, ఇండక్షన్ పొయ్యి. సాయంత్రం కాగానే ఏదో ఒక ఇంటి ముందు ఆగి ఒక లైన్ అడుగుతాయి.

వైరింగ్ పనే నా బతుకుతెరువు కాబట్టి ఆ లైన్ గుంజే పని చాలాసార్లు నాకే వస్తుంది. మాటలు ఎప్పుడూ ఒకే తీరు.

"అన్నా, జర లైన్ గుంజియ్యి, రెండు వైర్లు సాలు."

"ఎర్త్ సంగతేంది తమ్మీ?"

"బండి పక్కన రాడ్ కొట్టినం గదన్నా!"

ఆ రాడ్ దగ్గరే నా పేచీ. ఇనుప కడ్డీని భూమిలో దిగ్గొడితే కరెంటంతా భూమిలోకి పోతుందని అందరూ అనుకుంటారు. కరెంటుకు భూమి మీద ప్రేమేమీ లేదు. అది ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చింది, తిరిగి ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కే చేరాలి. రాడ్ నుంచి అక్కడికి మధ్యలో ఉన్నది మన ఎర్ర చెల్క నేల. ఎండాకాలంలో గడ్డపారకే లొంగని నేల అది. అందులో కొట్టిన ఒంటరి కడ్డీకి 100 ఓమ్‌ల నిరోధం ఉండటం వింతేమీ కాదు. ఫేజ్ వైరు బండి ఇనుముకు తగిలిందనుకోండి, 230 వోల్టులను 100తో భాగిస్తే పారేది 2.3 ఆంపియర్లు. బోర్డులో ఉన్న 16 ఆంపియర్ల ఎంసీబీకి అది ఒక ఇస్త్రీ పెట్టె తీసుకునేంత కూడా కాదు, కాబట్టి పడదు. బండి ఒళ్లంతా దాదాపు 200 వోల్టులతో రాత్రంతా అలాగే నిలబడి ఉంటుంది. నేల పదునుగా ఉండి నిరోధం 25 ఓమ్‌లకు దిగిందనుకున్నా పారేది 9 ఆంపియర్లే. ఎంసీబీ అప్పుడూ పడదు.

బోరు మోటార్ల దగ్గర మనం చూసింది ఇదే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది గానీ, అంతకుముందు రాత్రిపూట వంతు కరెంటు కోసం తడి మడిలో నడిచి వెళ్లి ఇనుప స్టార్టర్ డబ్బా ముట్టుకుని పోయిన రైతులు ఉమ్మడి పాలమూరులో ఏ ఊరికి ఆ ఊరిలో ఉన్నారు. వైర్ తొడుగు ఊడి డబ్బాకు తగులుతుంది, ఫ్యూజ్ పోదు, మోటారు నీళ్లు పోస్తూనే ఉంటుంది. అంతా బాగానే ఉన్నట్టు కనిపించడమే అందులో మోసం. ఆ డబ్బాకు నాలుగు టైర్లు తగిలిస్తే మనం మాట్లాడుకుంటున్న బండి అవుతుంది.

జెనరేటర్ ఉన్న బండ్లలో ఇంకో చిక్కుంది, ఇది చాలామంది ఎలక్ట్రీషియన్లకు కూడా పట్టదు. జెనరేటర్ మీద నడిచేటప్పుడు బండి న్యూట్రల్‌ను దాని ఇనుప చట్రానికి కలపడం పద్ధతే. బయటి కరెంటు తీసుకునేటప్పుడు మాత్రం ఆ లంకె తెగిపోవాలి. రెండు వైర్లనూ ఒకేసారి మార్చే చేంజ్‌ఓవర్ స్విచ్ ఉండేది అందుకే. అది లేని బండికి ఇంటి నుంచి లైన్ ఇచ్చేటప్పుడు ఫేజ్, న్యూట్రల్ తారుమారయ్యాయనుకోండి. ఎక్కడా ఏమీ చెడిపోకుండానే బండి మొత్తానికి 230 వోల్టులు ఎక్కుతాయి. సాకెట్‌లో బోసి వైర్లు దూర్చి అగ్గిపుల్లలు బిగించే మన అలవాటుకు ఇలా తారుమారు కావడం నిమిషం పని.

ప్లగ్‌లో మూడో పిన్ మిగతా రెండింటి కన్నా పొడవుగా, లావుగా ఉంటుంది, చూశారా? ప్లగ్ పెట్టేటప్పుడు ఎర్త్ అన్నిటికంటే ముందు అంటుకోవాలి, తీసేటప్పుడు అన్నిటి తర్వాత వదలాలి. అంత ఆలోచించి చేసిన పిన్‌ను సాకెట్‌లో పట్టట్లేదని విరగ్గొట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగానే కోపం వస్తుంది.

మరి చేయాల్సిందేమిటి? బండికి మూడు వైర్ల కేబుల్ ఉండాలి. మూడో వైరు బండి చట్రానికి గట్టిగా బిగించి ఉండాలి, రెండో కొస ఇంటి ఎర్త్ గుంతకు చేరాలి. బొగ్గు, ఉప్పు పోసి జిఐ పైపు దింపిన గుంతలో ఎండాకాలం నీళ్లు పోస్తుండాలి. అయితే పైన వేసిన లెక్క ఇంటి గుంతకూ వర్తిస్తుంది. పల్లెల్లో స్తంభం నుంచి మనకు వచ్చేది ఎక్కువగా ఫేజ్, న్యూట్రల్ రెండే, ఎర్త్ మనం తవ్వుకున్నదే. కాబట్టి ఎంత మంచి గుంత ఉన్నా ఎంసీబీ ఒక్కదాన్ని నమ్ముకోలేం.

కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో పోయినంత కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వస్తుందా లేదా అని అది సరిచూసుకుంటూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే రెప్పపాటులో లైన్ కోసేస్తుంది. 100 ఓమ్‌ల చెల్క నేలలో 30 మిల్లీ ఆంపియర్లు పారితే బండి మీద నిలిచేది 3 వోల్టులే. అధ్వానమైన ఎర్త్‌తో కూడా పని చేసే కాపలా ఇదొక్కటే. కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్జియెల్ అనే ప్రొఫెసర్ ఎంత కరెంటు దగ్గర మనిషి పట్టుకున్న తీగను వదల్లేడో మనుషుల మీదే పరీక్షించి చూశాడు. అది ఇంచుమించు 10 నుంచి 16 మిల్లీ ఆంపియర్లని తేలింది. 1960లలో అమెరికాకు ఈ తరహా పరికరాన్ని ఇచ్చింది ఆయనే. అక్కడ సాకెట్ దగ్గర 5 మిల్లీ ఆంపియర్లకే తెగేది వాడతారు, పైగా అక్కడి సాకెట్‌లో ఉండేది 120 వోల్టులే. మనది 230.

ఆర్‌సీసీబీ దేవుడేమీ కాదు. ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దానికి తేడా తెలియదు. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య బల్బు హోల్డర్ కలిపి ఎర్త్ పరీక్ష చేసే పాత పద్ధతిని కూడా తెలియనివాళ్లు ముట్టుకోవద్దు. ఎర్త్ చెడితే, ఆ ఎర్త్ వైరు తగిలిన ఇనుమంతా ఆ క్షణంలో కరెంటు ఎక్కుతుంది. పైగా 50 ఓమ్‌ల ఎర్త్ మీద కూడా బల్బు నిండుగా వెలిగి మనల్ని నమ్మిస్తుంది.

ఈ కార్తీకంలో మీ వాకిట్లో ఏ బండైనా ఆగి లైన్ అడిగితే, ముందు మీ ఇంటి బోర్డులో ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడండి. ఉంటే దాని మీది టెస్ట్ బటన్ నొక్కండి. మీట టక్కున కిందికి పడితే ఇంటి ఎర్త్ వైరును కూడా ఒకసారి చూసుకుని, మూడు పిన్నుల ప్లగ్‌తో లైన్ ఇవ్వండి. పడకపోయినా, అసలు ఆర్‌సీసీబీయే లేకపోయినా అన్నం పెట్టండి, నీళ్లివ్వండి, పడుకోవడానికి అరుగు చూపించండి. కరెంటు మాత్రం ఇవ్వకండి.