అడుగుల కరెంటు: ఒక విమర్శ

నడిచెడి మనుష్యుని అడుగుల నుండి విద్యుచ్ఛక్తిని పుట్టించు నమూనా మన గుంటూరు, ఒంగోలు ప్రాంతముల పాఠశాల వైజ్ఞానిక ప్రదర్శనలలో తరచుగా కనిపించుచున్నది. అట్టపై నాలుగైదు గుండ్రని బిళ్లలు అతికించి, వానిపై ఒక పలక నుంతురు. పలకను త్రొక్కగానే చిన్న ఎల్.ఇ.డి. దీపము తళుక్కుమనును. ప్రక్కన వ్రాసియుంచు వాక్యము మాత్రము పెద్దది: రైల్వే స్టేషన్లలో, మార్కెట్ యార్డులలో ఇట్టి పలకలు పరచినచో విద్యుత్ కొరత తీరునట! నమూనా మంచిదే. వాక్యమునే పరీక్షింపవలసియున్నది.

నమూనా వెనుకనున్న శాస్త్రము నిజమైనది. కొన్ని స్ఫటికములను నొక్కినపుడు వాని ముఖములపై విద్యుదావేశము పుట్టునని 1880లో ఫ్రాన్సు దేశమున జాక్ క్యూరీ, పియరీ క్యూరీ సోదరులు కనుగొనిరి. దీనినే పీడన విద్యుత్తు అందురు. వంటింటిలో టిక్కుమని నొక్కి గ్యాసు వెలిగించు లైటరు ఈ సూత్రము పైననే పనిచేయును. దాని రవ్వ వెనుక వేల వోల్టులుండును. అయినను ఆ రవ్వలోని శక్తితో గదిలోని దీపము ఒక్క సెకను కూడ వెలుగదు.

ఇచ్చటనే మొదటి లోపము బయటపడుచున్నది. విద్యార్థి మీటరులో 20 వోల్టులు చూపి, శక్తి లభించినదని చెప్పును. కాని వోల్టేజి వేరు, శక్తి వేరు. బిళ్ల కెపాసిటెన్సు 20 నానోఫారడులు అనుకొందము. కెపాసిటెన్సును వోల్టుల వర్గముతో హెచ్చించి సగము చేయగా, ఒక నొక్కుడుకు వచ్చునది 4 మైక్రోజౌళ్లు మాత్రమే. 3 వోల్టుల వద్ద 20 మిల్లీ ఆంపియర్లు తీసికొను ఎల్.ఇ.డి. ఒక సెకను వెలుగుటకు 60,000 మైక్రోజౌళ్లు కావలెను. అనగా 15,000 నొక్కుళ్లు! తళుక్కుమనుట వేరు, వెలుగుట వేరు.

బిళ్లలను విడిచి, మంచి యంత్రమునే అమర్చితిమనుకొందము. 60 కిలోల మనిషి త్రొక్కగా పలక 5 మిల్లీమీటర్లు దిగినచో జరుగు పని సుమారు 3 జౌళ్లు. సగము విద్యుత్తుగా మారినను ఒకటిన్నర జౌలు. ఒక యూనిట్ అనగా 36 లక్షల జౌళ్లు; కావున యూనిట్‌కు 24 లక్షల అడుగులు పడవలెను. 500 మంది విద్యార్థులు దినమునకు నూరేసి సార్లు త్రొక్కినను 48 దినములకు ఒక యూనిట్ వచ్చును. మరి మన కల్లములలో మిరపకాయల నెండబెట్టు ఎండ సంగతి యేమి? 100 వాట్ల సౌరఫలకము మంచి ఎండకాసిన దినమున సుమారు 0.4 యూనిట్ ఇచ్చును. ఆ 500 మంది 19 దినములు త్రొక్కినగాని అంత రాదు.

రెండవ లోపము ఇంతకంటె తీవ్రమైనది. "వృథాగా పోవు శక్తిని పట్టుచున్నాము" అని వ్రాయుదురు. సైకిలు డైనమోను టైరుకు తగిలించి చూడుడు. అది ఇచ్చునది 3 వాట్లే. అయినను పెడలు బరువెక్కును. అట్లే మిర్చి యార్డులో టిక్కీలు మోయు హమాలీ దారిలో దిగబడు పలకలు పరచినచో, అతనికి అడుగడుగునకు శ్రమ హెచ్చును. ఆ కరెంటుకు ఇంధనము అతడు తిన్న అన్నము. దానిని ఉచితమనుట అన్యాయము.

అయితే నడకలో నిజముగా వృథా యగు శక్తి కొంత లేకపోలేదు. కాలు ముందుకు విసరిన పిదప దానిని ఆపుటకు కండరములు బ్రేకు వేయును. ఆ క్షణమున మాత్రమే పనిచేయు మోకాలి పట్టీని కెనడా పరిశోధకులు తయారుచేసి 2008లో ప్రకటించిరి. రెండు కాళ్లకు కలిపి సుమారు 5 వాట్లు లభించెను. నడచువానికి పెరిగిన శ్రమ స్వల్పము. ఎచ్చట పట్టవలెనో తెలిసి పట్టుటయే ఇందలి గొప్పతనము. అట్లే 1988లో జపానుకు చెందిన సీకో కంపెనీ చేతి కదలికతో నడచు క్వార్ట్జ్ గడియారమును వెలువరించినది. గడియారమునకు కావలసినది మైక్రోవాట్లు. చేయి ఇవ్వగలిగినదియు కొద్దిపాటి శక్తియే. అవసరమునకు, లభ్యమునకు పొత్తు కుదిరినది.

కావున ఉపాధ్యాయులు ఈ నమూనాను త్రోసిపుచ్చవలదు. దానికొక కొలత చేర్పింపవలెను. బిళ్లల విద్యుత్తును నాలుగు డయోడుల గుండా 1000 మైక్రోఫారడుల కెపాసిటరులోనికి పంపుడు. అది 3 వోల్టులకు చేరునప్పటికి నిలువయగు శక్తి 0.0045 జౌలు. అందుకు ఎన్ని అడుగులు పడినవో విద్యార్థినే లెక్కింపనిండు. పెట్టెలో ముందుగా చార్జి చేసిన బ్యాటరీ ఉండరాదు. న్యాయనిర్ణేతలు దీపపు వెలుగును గాక ఆ లెక్కను చూచి మార్కులు వేయవలెను. "ఒక అడుగుకు ఇన్ని మైక్రోజౌళ్లు" అని నిజము వ్రాసిన బాలుడు, ఊరంతటికి కరెంటు ఇత్తునని వ్రాసిన వానికంటె శాస్త్రమునకు దగ్గరగా నున్నాడు.