ఒకే ఎముకలు, రెండు రెక్కలు

ఢిల్లీ జన్‌పథ్‌ పక్కన మద్దిచెట్లకు పగలంతా పెద్ద గబ్బిలాలు తలకిందులుగా వేలాడుతుంటాయి. కింద ఆటోల హారన్లు, పైన వీటి కీచులాట. నగరం తూర్పు అంచున గాజీపూర్ చెత్తగుట్ట మీదికి చలికాలంలో స్టెపీ గద్దలు వస్తాయి. మధ్య ఆసియా గడ్డిమైదానాల నుంచి అంత దూరం వచ్చి, నల్లగద్దల గుంపులో పడి మాంసం ముక్కలు ఏరుకుంటుంటే రాజసం కాస్త తగ్గినట్టే ఉంటుంది. ఆ గద్దను గాలిలో చూడాలి.

గబ్బిలం, గద్ద రెండింటి రెక్కల్లోనూ ఉన్నవి మన చేతి ఎముకలే. గద్ద రెక్కలో వేళ్లు కుదించుకుపోయి, అరచేతి ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి; మిగతా పనంతా ఈకలదే. ఈకలోని పోగులకు కంటికి ఆనని కొక్కేలుంటాయి. పోగులు విడిపోతే ముక్కుతో దువ్వుకుంటుంది, మళ్లీ కలిసిపోతాయి. రెండు మీటర్ల వరకూ పరుచుకునే ఆ రెక్క కొసన ఏడు ఈకలు విడివిడిగా విచ్చుకుని గాలి సుడుల లాగుడును తగ్గిస్తాయి. ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేస్తే చాలు, రెక్క ఆడించకుండానే ఎత్తుకు చేరుతుంది.

నా ఓటు మాత్రం గబ్బిలానికే. దాని వేళ్లు కుదించుకుపోలేదు, సాగాయి. నాలుగు పొడవాటి వేళ్ల మధ్య పరుచుకున్న పలుచని చర్మంలో రక్తనాళాలు, నరాలు, సాగే పోగులు, సన్నని కండరాలు ఉన్నాయి. కొసలకు పోయేకొద్దీ ఎముకలు కూడా వంగుతాయి. అంటే ఎగురుతూనే రెక్క ఆకారం మార్చుకోగలదు. గద్ద ఈకకు ఈ స్పృహా లేదు, ఈ పట్టూ లేదు. మే నెల ఎండలో అదే రెక్క విసనకర్ర. బొటనవేలి గోరు కొమ్మలు పట్టి పాకడానికి కొక్కెం. మూత్రం పోయాలన్నప్పుడు ఒళ్లు తడవకుండా ఆ గోళ్లతోనే వేలాడి తల పైకి తిప్పుకుంటుంది! చర్మం చిరిగితే మానుతుంది. గద్ద ఈక విరిగితే కొత్తది మొలిచేదాకా ఆగాల్సిందే. రెక్కలోని పెద్ద ఈకలన్నీ మారడానికి ఏళ్లు పడుతుంది.

ఇంత పనితనంలోనూ ఒక లోటుంది. నేల మీద పడితే గబ్బిలానికి లేవడం కష్టం, ఎగరాలంటే ఎత్తు నుంచి జారాలి. అందుకే దానికి అంత పొడవాటి మద్దిచెట్టు. స్టెపీ గద్దకు ఆ బాధ లేదు. చెత్తగుట్ట మీద కోడిలా నడుస్తుంది.